యుబిక్విటిన్ బంధువులు, ప్రోటీన్ల ఆయుష్షు

యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ మరో ప్రోటీన్‌కు రసాయన బంధంతో అతుక్కుని ఉంటుందని మొదటిసారి తేలింది 1977లో. ఆ మరో ప్రోటీన్ పేరు హిస్టోన్ హెచ్2ఏ. కేంద్రకంలో డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లలో అదొకటి. కణంలో బాగా ఎక్కువకాలం మన్నే ప్రోటీన్లలోనూ ఒకటి. క్షీరదాల కణాల్లో హెచ్2ఏ అణువుల్లో సుమారు పదోవంతుకు యుబిక్విటిన్ తగిలి ఉంటుంది, అయినా అవి చెక్కుచెదరకుండా ఉంటాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే హైఫాలోని టెక్నియన్ సంస్థకు చెందిన అవ్రామ్ హెర్ష్‌కో, ఆరన్ సికనోవర్, ఫిలడెల్ఫియాలో పనిచేస్తున్న ఇర్విన్ రోజ్‌తో కలిసి కుందేలు రక్తకణాల సారంలో ప్రోటీన్లు విచ్ఛిన్నమయ్యే తీరును పరిశీలించారు. విచ్ఛిన్నం కాబోయే ప్రోటీన్‌కు ముందుగా ఒక చిన్న ప్రోటీన్ తగులుతోందని కనిపెట్టారు. అది యుబిక్విటినేనని 1980లో రుజువైంది. 2004లో ఆ ముగ్గురికీ రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఈ రెండో ఆవిష్కరణ వెలుగులో మొదటిది మరుగున పడిపోయింది. యుబిక్విటిన్ అంటే ప్రోటీన్ మెడలో పడే యమపాశం అన్న అభిప్రాయం పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. యుబిక్విటిన్ విషయంలోనే సగం నిజమైన ఆ అభిప్రాయాన్ని దాని బంధువులకు కూడా అంటగట్టడం వల్ల పాతికేళ్లుగా ఈ రంగంలో చాలా గందరగోళం పేరుకుంది.

ఆ బంధువులు మన కణాల్లో పదికి పైగా ఉన్నాయి. సూమో, నెడ్8, ఐఎస్‌జి15, ఫ్యాట్10, యూఎఫ్ఎం1 వాటిలో ముఖ్యమైనవి. అమైనో ఆమ్లాల వరుసలో పోలిక తక్కువైనా మడతపడ్డాక వీటి ఆకారం ఒకటే. సూమో1 వరుసలో యుబిక్విటిన్‌తో కలిసేది 18 శాతం మాత్రమే. రెండింటి ఆకృతులను ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే ఇట్టే సరిపోతాయి. తగిలే పద్ధతీ ఒకటే. ఈ1 అనే ఎంజైమ్ ఏటీపీ ఖర్చుపెట్టి గుర్తును చురుకుగా మారుస్తుంది, ఈ2 దాన్ని అందుకుంటుంది, ఎక్కువసార్లు ఈ3 సాయంతో లక్ష్య ప్రోటీన్‌లోని లైసిన్‌కు చేరుస్తుంది. తర్వాత దాన్ని ఊడదీసే ఎంజైములు కాచుకుని ఉంటాయి. ఇన్ని పోలికలు ఉండేసరికి, ఈ గుర్తులు తగిలిన ప్రోటీన్ ఆయుష్షు పెరుగుతుందా, తరుగుతుందా అన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. ఒక్కో గుర్తుకు ఒక్కో జవాబు రాయాలని వందల పత్రాలు ప్రయత్నించాయి. నా వాదన ఏమిటంటే, ఆ జవాబు గుర్తులో లేదు. దాన్ని ఎవరు చదువుతున్నారు, ఎంతసేపు అది తగిలి ఉంది, పక్కన యుబిక్విటిన్ యంత్రాంగం ఏ స్థితిలో ఉంది అన్నవాటిలో ఉంది. ఈ బంధువుల్లో ఎక్కువ భాగం ప్రోటీన్ ఆయుష్షును మార్చేది యుబిక్విటిన్ ద్వారానే: దానికి అడ్డు నిలిచి, దాన్ని పిలుచుకొచ్చి, లేదా దాని యంత్రాన్ని నడిపి.

ముందుగా ప్రోటియాసోమ్ దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. ప్రోటీన్లను ముక్కలు చేసే ఈ పీపా ఆకారపు యంత్రం ముఖద్వారం ఇరుకైనది, మడతపడిన ప్రోటీన్ అందులోకి దూరలేదు. అందుకని రెండు షరతులు నెరవేరాలి. మొదటిది, ద్వారం దగ్గరి గ్రాహకాలు పట్టుకోగల గుర్తు, సాధారణంగా యుబిక్విటిన్ గొలుసు. ఒక యుబిక్విటిన్‌లోని 48వ లైసిన్‌కు మరొకటి తగిలి పెరిగిన గొలుసు ఈ పనికి బాగా సరిపోతుందని అలెగ్జాండర్ వర్షావ్‌స్కీ బృందం 1989లో చూపించింది. 63వ లైసిన్ మీద పెరిగిన గొలుసు ప్రధానంగా డీఎన్ఏ మరమ్మతుకూ సంకేతాలకూ పనికొస్తుంది. రెండో షరతు, యంత్రం పట్టుకుని లోపలికి లాగడానికి లక్ష్య ప్రోటీన్‌లో మడతపడని వదులు భాగం. ఈ రెండో షరతును మరిచిపోతే చాలా విషయాలు అంతుచిక్కవు. రాడ్23 అనే ప్రోటీన్‌నే తీసుకుందాం. దాని ఒక కొస పుట్టుకతోనే యుబిక్విటిన్ ఆకారంలో ఉంటుంది. ఆ కొసతో అది ప్రోటియాసోమ్‌ను పట్టుకుంటుంది, ఇతర ప్రోటీన్లను అక్కడికి చేరవేస్తుంది, తాను మాత్రం క్షేమంగా తిరిగొస్తుంది. రెండో కొసలోని గట్టిగా మడతపడిన భాగాన్ని దెబ్బతీస్తే అదీ విచ్ఛిన్నమవుతుంది. యుబిక్విటిన్ ఆకారం ఉన్నంత మాత్రాన, ప్రోటియాసోమ్ గుమ్మం తొక్కినంత మాత్రాన ప్రోటీన్ చావదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

సూమో కథ ఈ వాదనకు ఆయువుపట్టు. 1996–97లో రెండు అమెరికన్ బృందాలు రాన్‌గ్యాప్1 అనే ప్రోటీన్ 70 కిలోడాల్టన్ల రూపంలోనూ 90 కిలోడాల్టన్ల రూపంలోనూ కనిపించడానికి కారణం వెతుకుతూ సూమోను పట్టుకున్నాయి. సూమో తగిలిన రాన్‌గ్యాప్1 నాశనం కాదు. కేంద్రక రంధ్రం దగ్గరకు చేరి అక్కడే స్థిరపడుతుంది. మరుసటి ఏడాది స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ హే బృందం ఇంకో అడుగు వేసింది. వాపును, రోగనిరోధక స్పందనను నడిపే ఎన్ఎఫ్-కప్పాబీని అదుపులో ఉంచే ఐకప్పాబీ-ఆల్ఫాకు 21వ లైసిన్ దగ్గర సూమో1 తగులుతుందనీ, యుబిక్విటిన్ తగిలేది కూడా సరిగ్గా అక్కడేననీ, సూమో ఆ చోటును ఆక్రమిస్తే ప్రోటీన్ విచ్ఛిన్నం కాదనీ 1998లో ప్రకటించింది. ఈ ఫలితం ముచ్చటైనది. ఒక కుర్చీ, ఇద్దరు పోటీదారులు, ముందు కూర్చున్నవాడిదే గెలుపు. అక్కడి నుంచి సూమో అంటే రక్షకుడు, యుబిక్విటిన్ అంటే భక్షకుడు అన్న జంట సూత్రం స్థిరపడిపోయింది.

ఆ సూత్రానికి మొదటి దెబ్బ 2002లో తగిలింది. జర్మనీలో స్టెఫాన్ యెంచ్ బృందం ఈస్ట్ కణాల్లో పీసీఎన్ఏ అనే ప్రోటీన్‌ను పరిశీలించింది. డీఎన్ఏ ప్రతి తయారయ్యేటప్పుడు పాలిమరేజ్ ఎంజైమును పట్టుకుని ఉంచే వలయం అది. దాని 164వ లైసిన్ మీద ఒక్క యుబిక్విటిన్ తగిలితే దెబ్బతిన్న డీఎన్ఏను తప్పులు సహించి దాటేసే మార్గం తెరుచుకుంటుంది. 63వ లైసిన్ గొలుసు తగిలితే తప్పులు లేని మార్గం. అదే చోట సూమో తగిలితే తంతువుల అనవసర మార్పిడిని అడ్డుకునే ప్రోటీన్ వచ్చి చేరుతుంది. కుర్చీ ఒకటే, పోటీ ఉంది, కానీ మూడింటిలో ఏదీ మరణశిక్ష కాదు. పోటీ జరిగే ప్రతిచోటా పందెం ప్రాణమే అనుకోవడం పొరపాటని ఇది తేల్చింది.

రెండో దెబ్బ ఇంకా బలమైనది. 2007లో కొద్ది నెలల తేడాతో పలు బృందాలు ఒకే విషయాన్ని బయటపెట్టాయి. సూమో గొలుసును గుర్తుపట్టి, దాని మీదకు యుబిక్విటిన్‌ను చేర్చే ఈ3 ఎంజైములు ఉన్నాయి. ఈస్ట్‌లో ఎస్ఎల్ఎక్స్5–ఎస్ఎల్ఎక్స్8 జంట, మన కణాల్లో ఆర్ఎన్ఎఫ్4. ఈ ఆర్ఎన్ఎఫ్4 నిర్మాణం చూస్తే దాని పని అర్థమైపోతుంది. ఒక కొసన సూమోను పట్టుకునే పొట్టి భాగాలు వరుసగా నాలుగు. రెండో కొసన యుబిక్విటిన్ ఎక్కించే రింగ్ భాగం. ఒక్క సూమోను పట్టుకోవడానికి ఒక్క భాగం చాలు, కానీ ఆ పట్టు బలహీనం. మూడు నాలుగు సూమోలు గొలుసుగా ఉన్నప్పుడే పట్టు బిగుస్తుంది. అంటే ఒంటరి సూమోకు లేని అర్థం గొలుసుకు వస్తోంది. సూమో1కు గొలుసు కట్టుకోవడానికి అనువైన లైసిన్ లేదు. సూమో2, సూమో3లకు 11వ లైసిన్ ఉంది. ఈ తేడా దృష్టిలో పెట్టుకుని చూస్తే 1998 నాటి ఐకప్పాబీ-ఆల్ఫా ఫలితం కూడా కొత్తగా కనిపిస్తుంది. అప్పుడు పరీక్షించింది సూమో1ను. సూమో2/3తో యుబిక్విటిన్ కలిసిన మిశ్రమ గొలుసులు అదే ఐకప్పాబీ-ఆల్ఫా విచ్ఛిత్తికి తోడ్పడతాయని 2012లో మరో పరిశోధన చూపింది. ప్రోటీన్ అదే, గుర్తు కుటుంబం అదే, ఫలితం మాత్రం తలకిందులు.

ఈ వ్యవహారం మొత్తాన్ని రోగి మంచం దగ్గరి నుంచి అణువు దాకా పట్టి చూడగలిగిన చోటు ఒకటుంది: తీవ్ర ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా. ఈ రక్తక్యాన్సర్‌లో 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు తారుమారై పీఎంఎల్ అనే ప్రోటీన్, విటమిన్ ఏ నుంచి పుట్టే రెటినోయిక్ ఆమ్లపు గ్రాహకం ఒకదానికొకటి అతుక్కుని పుడతాయి. ఆ సంకర ప్రోటీన్ తెల్లరక్త కణాలు పరిణతి చెందకుండా అడ్డుపడుతుంది. మనం పాషాణమని పిలుచుకునే ఆర్సెనిక్‌తో దీనికి చికిత్స చేయవచ్చని చైనాలోని హార్బిన్ వైద్యులు 1970ల్లోనే కనుగొన్నారు. అది ఎలా పనిచేస్తుందో తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 2008లో ఫ్రాన్స్, బ్రిటన్ బృందాలు ఒకే సమయంలో చూపినదాని సారం ఇది. ఆర్సెనిక్ ఇచ్చాక పీఎంఎల్ అణువులు కేంద్రకంలో గుంపుకడతాయి. వాటి 160వ లైసిన్‌తో సహా కొన్ని చోట్ల సూమో గొలుసులు పెరుగుతాయి. ఆర్ఎన్ఎఫ్4 వచ్చి ఆ గొలుసులను పట్టుకుని యుబిక్విటిన్ ఎక్కిస్తుంది. అక్కడి నుంచి ప్రోటియాసోమ్ పని మొదలవుతుంది. కణంలో ఆర్ఎన్ఎఫ్4 లేకుండా చేస్తే ఆర్సెనిక్ ఇచ్చినా పీఎంఎల్ సూమో గొలుసులు మోస్తూ అలాగే నిలిచి ఉంటుంది. అంటే సూమో గొలుసు ఒక్కటే పీఎంఎల్‌ను చంపలేదు. దాన్ని చదివేవాడు లేకపోతే అది ఆ ప్రోటీన్ మీద పేరుకుంటుందే తప్ప దాని ఆయుష్షును తగ్గించదు.

ఈ చికిత్స ఫలితం అంకెల్లో కూడా చెప్పుకోదగ్గది. తక్కువ, మధ్యస్థ ముప్పు ఉన్న రోగుల్లో కీమోథెరపీ బదులు ఆర్సెనిక్‌ను రెటినోయిక్ ఆమ్లంతో కలిపి ఇచ్చినప్పుడు రెండేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా, ఇతర వైఫల్యాలు లేకుండా జీవించి ఉన్నవారు 97 శాతం. రెటినోయిక్ ఆమ్లంతో కీమోథెరపీ తీసుకున్నవారిలో 86 శాతం. ఇటలీ, జర్మనీ వైద్యులు 2013లో ప్రచురించిన అధ్యయనమిది. గుర్తుల మీద జరిగిన ప్రయోగశాల వాదం ఇంత నేరుగా మనుషుల ప్రాణాలతో ముడిపడిన సందర్భాలు జీవశాస్త్రంలో అరుదు. ఆర్సెనిక్‌కు లొంగని కొందరు రోగుల్లో పీఎంఎల్ జన్యువులో మార్పులు కనిపించాయి. 216వ అమైనో ఆమ్లం దగ్గర అవి ఎక్కువగా పోగుపడ్డాయి. పీఎంఎల్‌లో ఆర్సెనిక్ ప్రభావానికి కీలకమైన ప్రాంతం అదే. ఆర్సెనిక్ పట్టు తప్పితే గొలుసు పెరగదు, చదివే ఎంజైము రాదు, విచ్ఛిత్తి జరగదు. గొలుసులోని ఏ కొక్కెం ఊడినా మిగతాదంతా నిలిచిపోతుందని రోగుల శరీరాలే రుజువు చేశాయి.

అంత స్పష్టత ప్రతిచోటా లేదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాన్ని కాపాడే హిఫ్1-ఆల్ఫా విషయంలో 2007లో ఒకే పత్రికలో రెండు ఎదురెదురు ఫలితాలు వచ్చాయి. సూమో తగలడాన్ని పెంచే ఆర్‌స్యూమ్ అనే ప్రోటీన్ వల్ల హిఫ్1-ఆల్ఫా స్థిరపడుతుందని ఒక బృందం చెప్పింది. సూమోను ఊడదీసే సెన్ప్1 ఎంజైము లేని ఎలుక పిండాల్లో సూమో తగిలిన హిఫ్1-ఆల్ఫా వీహెచ్ఎల్ అనే యుబిక్విటిన్ ఎంజైము చేతికి చిక్కి నాశనమవుతుందనీ, ఆ పిండాలు రక్తహీనతతో చనిపోతాయనీ మరో బృందం చూపింది. వీటిలో ఒకటి తప్పై ఉండాలని చాలామంది అనుకున్నారు. నాకు అలా తోచదు. మొదటి ప్రయోగం సూమో తగిలే వేగాన్ని పెంచింది, ఊడే దారి తెరిచే ఉంది. రెండోది ఊడే దారినే మూసేసింది. తగిలి, పని జరిపించి, ఊడిపోయే గుర్తు వేరు. తగిలి అక్కడే ఉండిపోయి గొలుసుగా పెరిగే గుర్తు వేరు. రెండో రకానికే వినాశక ఎంజైములు దొరికే అవకాశం ఎక్కువ. ఇది ఈ రెండు ఫలితాలకు నేను చెప్పుకునే సమాధానం. ఇంతవరకూ చూసిన ఆధారాలతో అది పొసుగుతోంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. ఏ క్షణంలో చూసినా ఒక ప్రోటీన్ అణువుల్లో సూమో తగిలి ఉన్నవి చాలాసార్లు ఒక శాతానికి అటూఇటూ మాత్రమే. రాన్‌గ్యాప్1 వంటివి మినహాయింపు. ఇంత కొద్దిభాగానికి తగిలిన గుర్తు మొత్తం ప్రోటీన్ స్థిరత్వాన్ని ఎలా మారుస్తుంది? సూమోను రక్షకుడిగా మాత్రమే చూసేవారికి ఈ ప్రశ్న నిజంగా ప్రాణాంతకం. నూటికి ఒక కుర్చీ ఆక్రమించి మిగతా తొంభై తొమ్మిదిని కాపాడటం సాధ్యం కాదు. విచ్ఛిత్తి దిశలో మాత్రం అదే అంకె సహజం. సూమో తగిలిన అణువు వెంటనే నాశనమైపోతుంటే మనకు కనిపించే వాటా ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. ప్రోటియాసోమ్‌ను మందుతో ఆపేసినప్పుడు సూమో2/3 తగిలిన ప్రోటీన్లు పేరుకుపోవడం దీన్నే చెబుతోంది. కణంలో సూమో తగిలే చోట్లు 40 వేలకు పైగా ఉన్నట్టు మాస్ స్పెక్ట్రోమెట్రీ లెక్కతేల్చింది. వాటిలో ఎక్కువ భాగం విడివిడిగా చూస్తే నామమాత్రపు ప్రభావం కలిగినవే కావచ్చు. డీఎన్ఏ మరమ్మతు ప్రోటీన్లలాంటి గుంపుల్లో సూమో ఏ ఒక్కదాన్నో కాక గుంపునంతా తాకుతుందనీ, ఒక చోటును తొలగించినా తేడా పెద్దగా పడదనీ యెంచ్ ప్రయోగశాల 2012లో చూపించింది. ఒక్కో లైసిన్‌కు ఒక్కో ఆయుష్షు లెక్క రాసే పద్ధతి ఇక్కడ చేతులెత్తేస్తుంది.

ప్రయోగాల బలహీనతను కూడా దాచకుండా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలోని వైరుధ్యాల్లో సగం అక్కడే పుట్టాయి. కణాలను మామూలు ద్రావణంలో చితికిస్తే సూమోను ఊడదీసే ఎంజైములు బయటపడి కొద్దిసేపట్లోనే గుర్తులన్నింటినీ కోసేస్తాయి. ఎన్-ఇథైల్‌మాలిమైడ్ అనే విషంతో వాటిని ముందే చంపాలి, లేదా కణాలను నేరుగా వేడి డిటర్జెంట్ ద్రావణంలో మరిగించాలి. అలా చేయని వెస్టర్న్ బ్లాట్‌లో సూమో పట్టీ కనిపించకపోతే అది కణంలో లేదని కాదు. సైక్లోహెక్సిమైడ్‌తో కొత్త ప్రోటీన్ల తయారీని ఆపి పాతవి ఎంత వేగంగా తరుగుతున్నాయో కొలిచే పద్ధతిలో మరో చిక్కు ఉంది. ఆ మందు అల్పాయుష్కులైన ఈ3 ఎంజైములను కూడా మాయం చేస్తుంది, అప్పుడు కొలుస్తున్నది ఏ ప్రోటీన్ ఆయుష్షో తెలియదు. అన్నిటికన్నా పెద్ద లోపం లైసిన్ బదులు ఆర్జినిన్ పెట్టి, సూమో తగలనందువల్లే ఈ తేడా వచ్చిందని తీర్పు చెప్పేయడం. ఆ లైసిన్ మీద యుబిక్విటిన్, ఎసిటైల్ సమూహం కూడా తగులుతుంటే నిందితుడెవరో తేలదు. సూమో తగిలే చోట లైసిన్‌కు రెండు స్థానాల అవతల సాధారణంగా గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది. లైసిన్‌ను అలాగే ఉంచి దాన్ని మార్చి చూస్తే సూమో ఒక్కటే పోతుంది. ఈ చిన్న జాగ్రత్త తీసుకున్న పత్రాలకూ తీసుకోని వాటికీ మధ్య నమ్మకంలో హస్తిమశకాంతరం ఉంది.

నెడ్8 ప్రభావం పూర్తిగా వేరే దారిలో నడుస్తుంది. పరిణతి చెందిన నెడ్8లో యుబిక్విటిన్‌లాగే 76 అమైనో ఆమ్లాలు, వాటిలో సుమారు 60 శాతం ఒకటే. ఇంత దగ్గరి బంధువు ప్రధానంగా తగిలేది విచ్ఛిన్నం కావలసిన ప్రోటీన్లకు కాదు, కల్లిన్ అనే కుటుంబానికి. కల్లిన్లు యుబిక్విటిన్ ఎక్కించే పెద్ద ఈ3 సముదాయాలకు వెన్నెముకలు. కొసలో నెడ్8 తగలగానే ఆ సముదాయం ఆకృతి మారి, యుబిక్విటిన్ మోసే ఈ2 లక్ష్యానికి దగ్గరగా జరుగుతుంది. నెడ్8 తన ఆతిథేయి ఆయుష్షును కదిలించకుండా వందల ఇతర ప్రోటీన్ల ఆయుష్షును తగ్గిస్తోందన్నమాట. ప్రోటియాసోమ్‌కు చేరే ప్రోటీన్లలో సుమారు 20 శాతం ఈ కల్లిన్ సముదాయాల చేతి మీదుగానే పోతాయని 2009లో పెవోనెడిస్టాట్ అనే మందును పరిచయం చేసిన పత్రం అంచనా వేసింది. ఆ మందు నెడ్8 ఈ1ను ఆపేస్తుంది. అప్పుడు డీఎన్ఏ ప్రతికి అనుమతినిచ్చే సీడీటీ1 విచ్ఛిన్నం కాక పేరుకుంటుంది, కణం ఒకే చక్రంలో డీఎన్ఏను మళ్లీ మళ్లీ ప్రతిచేసి దెబ్బతింటుంది.

నెడ్8 విషయంలో ఒక పాత చిక్కుముడి ఉంది, అది ఈ వ్యాసం వాదనకు నేరుగా సంబంధించినది. కల్లిన్ నుంచి నెడ్8ను ఊడదీసే యంత్రం సీఓపీ9 సిగ్నలోసోమ్. పరీక్షనాళికలో అది కల్లిన్ ఎంజైములను ఆపేస్తుంది. కాబట్టి జీవిలో దాన్ని తీసేస్తే విచ్ఛిత్తి వేగం పుంజుకోవాలి. మొక్కల్లో, ఈగల్లో, బూజుల్లో తీసేసి చూస్తే విచ్ఛిత్తి మందగించింది. న్యూరోస్పోరా బూజు మీద జరిగిన పని దీన్ని విప్పింది. నెడ్8 ఎప్పుడూ తగిలే ఉంటే ఆ ఎంజైము లక్ష్యాన్ని పట్టిచ్చే తన సొంత భాగానికే యుబిక్విటిన్ ఎక్కించి నాశనం చేసుకుంటుంది. అలా ఎఫ్‌డబ్ల్యూడీ-1 అనే భాగం తరిగిపోయి, అది పట్టివ్వాల్సిన జీవగడియారపు ప్రోటీన్ ఎఫ్ఆర్‌క్యూ నిలిచిపోతుంది. నెడ్8 తగలడమూ ఊడడమూ రెండూ జరుగుతుంటేనే యంత్రం సాగుతుంది. హిఫ్1-ఆల్ఫా దగ్గర ఊహించిన విషయమే ఇక్కడ నిరూపణతో దొరికింది.

తెలుగు పాఠకులకు ఈ కల్లిన్ యంత్రం దూరపు సంగతి కాదు. మజ్జలో పుట్టే మల్టిపుల్ మైలోమా క్యాన్సర్‌కు ఇచ్చే లెనలిడోమైడ్, కల్లిన్4 సముదాయంలోని సెరెబ్లాన్‌కు అతుక్కుని, మామూలుగా అది పట్టుకోని ఐకారోస్, ఐయోలోస్ ప్రోటీన్లను పట్టుకునేలా చేస్తుందని 2014లో తేలింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో, డాక్టర్ రెడ్డీస్ సంస్థలు ఆ మందు జనరిక్ రూపాలను తయారుచేస్తున్నాయి. నెడ్8 తగలకపోతే ఆ మాత్ర పని సాగదు.

నెడ్8 నేరుగా లక్ష్యాలకు తగిలి వాటి స్థిరత్వాన్ని మారుస్తుందని చెప్పే పత్రాలూ చాలా ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా చదవాలి. కణంలోకి నెడ్8 జన్యువును అధికంగా చొప్పించినా, వేడివంటి ఒత్తిడిలో స్వేచ్ఛగా ఉన్న యుబిక్విటిన్ తరిగిపోయినా యుబిక్విటిన్ ఈ1 పొరపాటున నెడ్8ను ఎత్తుకుని యుబిక్విటిన్ లక్ష్యాలకే తగిలిస్తుందని 2012లో వెల్లడైంది. సొంత ఈ1ను ఆపే పెవోనెడిస్టాట్ వేసినా ఆ తగిలింపులు పోవు. ఒత్తిడిలో ఇది సహజంగానే జరగవచ్చు కనుక అన్నీ కొట్టిపారేయలేం. అధికోత్పత్తి మీదే ఆధారపడిన ఫలితాలను మాత్రం నేను లెక్కలోకి తీసుకోను.

ఇప్పుడు నా వాదనకు నిజమైన పరీక్ష, ఫ్యాట్10. వాపు సంకేతాలైన టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా కణాన్ని తాకినప్పుడు ఇది పుడుతుంది. యుబిక్విటిన్ ఆకారపు భాగాలు రెండు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. దీనికి తగిలిన ప్రోటీన్ నేరుగా ప్రోటియాసోమ్‌కు పోతుంది, యుబిక్విటిన్ అవసరం లేకుండానే పోతుందని జర్మనీలోని కాన్‌స్టాన్జ్ బృందం 2005లో ప్రకటించింది. ఫ్యాట్10 తిరిగి వాడుకకు రాదు, తన ఆతిథేయితో పాటే ముక్కలైపోతుంది. ఒంటరిగా ఉన్నా దాని అర్ధాయుష్షు ఒక గంట. ఇక్కడ గుర్తులోనే తీర్పు ఉందని విమర్శకులు అనవచ్చు. యుబిక్విటిన్ కూడా అవసరమేనని 2012లో మరో బృందం వాదించింది, కానీ యుబిక్విటిన్ ఈ1 పనిచేయని కణాల్లోనూ ఫ్యాట్10 విచ్ఛిత్తి సాగిన ప్రయోగాన్ని ఆ వాదం పూర్తిగా కూలదోయలేదు. కాబట్టి మినహాయింపును మినహాయింపుగా ఒప్పుకుంటాను. అయితే అది ఎందుకు మినహాయింపో 2018 నాటి నిర్మాణ అధ్యయనం చెప్పింది. ఫ్యాట్10 మడత వదులైనది, దాని ముందుకొసన మడతపడని తోక ఉంది. ప్రోటియాసోమ్‌కు కావలసిన రెండో షరతును లక్ష్య ప్రోటీన్ మీద వదిలేయకుండా అది తనతోనే తెచ్చుకుంటోంది. మడతను బిగించేలా మార్చిన ఫ్యాట్10 నెమ్మదిగా విచ్ఛిన్నమైంది. క్షయ క్రిమి కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. దాని పప్ అనే గుర్తుకు యుబిక్విటిన్ ఆకారమే లేదు, అసలు మడతే లేని 64 అమైనో ఆమ్లాల పోగు అది. ఆ క్రిమి ప్రోటియాసోమ్‌కు అది చక్కగా సరిపోతుంది.

ఐఎస్‌జి15 దగ్గర కథ మరో మలుపు తిరుగుతుంది. 1979లోనే కనిపించిన ఈ ప్రోటీన్‌ను ఇంటర్‌ఫెరాన్ పుట్టిస్తుంది. హెచ్ఈఆర్‌సీ5 అనే ఎంజైము రైబోజోముల దగ్గరే కూర్చుని, అప్పుడే తయారవుతున్న ప్రోటీన్లకు దీన్ని తగిలిస్తుందని 2010లో తేలింది. ఇంటర్‌ఫెరాన్ పిలుపు వచ్చాక కొత్తగా పుట్టే ప్రోటీన్లలో వైరస్ ప్రోటీన్లు ఎక్కువ కాబట్టి ఇది అర్థవంతమైన ఏర్పాటు. ఐఆర్ఎఫ్3 వంటి కొన్ని ప్రోటీన్లు దీనివల్ల యుబిక్విటిన్ బారిన పడకుండా స్థిరపడతాయని కూడా చెబుతారు. అయితే మనుషుల్లో దీని అతి ముఖ్యమైన స్థిరత్వ ప్రభావం ఎక్కడా తగలకుండానే జరుగుతోంది. పుట్టుకతో ఐఎస్‌జి15 లేని పిల్లల్లో బీసీజీ టీకా తర్వాత క్షయ జాతి క్రిములతో జబ్బు వచ్చినట్టు 2012లో రాశారు. వైరస్‌ల ముందు వారు బలహీనులు కారు. మూడేళ్ల తర్వాత కారణం బయటపడింది. ఒంటరి ఐఎస్‌జి15 అణువు యూఎస్‌పీ18 అనే ప్రోటీన్‌ను పట్టుకుని విచ్ఛిత్తి నుంచి కాపాడుతుంది. యూఎస్‌పీ18 ఇంటర్‌ఫెరాన్ సంకేతానికి కళ్లెం. ఐఎస్‌జి15 లేకపోతే కళ్లెం తెగి ఇంటర్‌ఫెరాన్ జోరు తగ్గదు, కొందరిలో మెదడులో కాల్షియం పేరుకుంటుంది. ఎలుకల్లో ఈ సంబంధం కనిపించదు. ఒక జీవిలో తేలిన నియమాన్ని మరో జీవికి బదలాయించే ముందు ఆగి చూడాలని ఇంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ ఈ కుటుంబంలో లేదు.

యూఎఫ్ఎం1 సంగతి కొద్దిగా చెబితే చాలు. దాని ముఖ్య లక్ష్యం రైబోజోములోని ఆర్‌పీఎల్26 అని 2019లో తేలింది. అంతర్జీవద్రవ్య జాలకం మీద పని ముగించిన రైబోజోము పెద్ద ఉపభాగాన్ని పొర నుంచి విడదీయడానికి అది తోడ్పడుతుందని 2024లో వచ్చిన నిర్మాణాలు చూపాయి. మధ్యలో ఇరుక్కుపోయిన అసంపూర్ణ ప్రోటీన్లు విచ్ఛిన్నం కావడం ఆ విడదీతతో ముడిపడి ఉంది. ఇక్కడ కూడా గుర్తు తగిలిన ప్రోటీన్ బతుకుతుంది, పక్కదాని గతి మారుతుంది. దీని ఈ1 అయిన యూబీఏ5 లోపిస్తే పసితనంలోనే తీవ్రమైన మెదడు వ్యాధి వస్తుంది. ఇక స్వభక్షణకు మూలమైన ఏటీజీ8 ప్రోటీన్‌కు కాక కొవ్వు అణువుకు తగులుతుంది. యోషినోరి ఓసుమీకి 2016 నోబెల్ తెచ్చిన ఆ రంగానికి విడిగా సమీక్ష కావాలి.

అన్నీ సందర్భాన్ని బట్టే అంటే అది సిద్ధాంతమే కాదు, చేతులు దులుపుకోవడం అని ఎవరైనా నిలదీయవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను చెబుతున్నది సందర్భం అన్న ఒక్క మాట కాదు, ముందే పరీక్షించదగిన అంచనాలు. సూమో గొలుసు వల్ల ఒక ప్రోటీన్ తరిగిపోతోందని చెప్పాలంటే ఆర్ఎన్ఎఫ్4 లాంటి చదివే ఎంజైమును తీసేసినప్పుడు ఆ ప్రోటీన్ సూమోతో సహా నిలబడాలి. యుబిక్విటిన్ ఈ1ను ఆపితే కూడా అదే జరగాలి. సూమో కాపాడుతోందని చెప్పాలంటే ఆ లైసిన్ మీద సగటున ఎంత భాగం ఆక్రమితమో, అది ఆయుష్షులోని మార్పుకు సరిపోతుందో లెక్క చూపాలి. నెడ్8 ప్రభావం కల్లిన్ ద్వారా కాదని చెప్పాలంటే సహజ పరిమాణంలో ఉన్న నెడ్8తోనే చూపాలి. ఈ మూడు అంచనాలతో జల్లెడ పడితే ప్రచురితమైన ఫలితాల్లో చాలావరకు జారిపోతాయి. పీఎంఎల్, సీడీటీ1, యూఎస్‌పీ18 వంటివి నిలుస్తాయి.

మందుల విషయంలో ఈ తేడా వెంటనే బయటపడుతుంది. మైలోడిస్‌ప్లాసియా, ల్యుకేమియా రోగులకు అజాసిటిడిన్‌తో కలిపి ఇచ్చిన పెవోనెడిస్టాట్ 2021లో మూడో దశ పరీక్షలో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. నెడ్8ను ఆపితే కొన్ని క్యాన్సర్ ప్రోటీన్లతో పాటు కణానికి మేలుచేసే ప్రోటీన్లూ క్యాన్సర్‌ను అణిచేవీ ఒకేసారి పేరుకుంటాయి. ఒక్క మీట నొక్కి వందల ఆయుష్షులను మార్చినప్పుడు ఏ వైపు మొగ్గుతుందో ముందే చెప్పలేం. ఆర్సెనిక్ విషయంలో అలా కాదు, అది ఒకే ప్రోటీన్‌ను పట్టుకుని ఆ ఒక్కదాని మీదే గొలుసు పెంచుతుంది. సూమో ఈ1ను ఆపే సుబసుమ్‌స్టాట్ మొదటి రకానికి చెందినదే. కణాల మీద దాని కొట్టొచ్చిన ప్రభావం ఇంటర్‌ఫెరాన్ స్పందనను రేపడం, ఫలానా ప్రోటీన్ ఆయుష్షును మార్చడం కాదు. ప్రయోగశాలలో పెవోనెడిస్టాట్‌కు లొంగకుండా పెరిగిన క్యాన్సర్ కణాల్లో మార్పులు యూబీఏ3 అనే ఈ1 ఉపభాగంలో, మందు కూర్చునే చోటనే, 171వ అమైనో ఆమ్లం దగ్గర కనిపించాయి. ఆర్సెనిక్‌కు లొంగని రోగుల్లో మార్పు పీఎంఎల్‌లో, అంటే ఆ ఒక్క లక్ష్యంలో వచ్చింది. ఇక్కడ మార్పు వచ్చింది అన్ని లక్ష్యాలకూ ఉమ్మడిగా ఉన్న యంత్రంలో.